ఖాళీ క్వారీ, కింద పగులు: బెంగళూరులో చెత్త స్థలాన్ని ఎలా పరీక్షించాలి

బెంగళూరు చెత్తకు కొత్త చోటు చూస్తున్నారన్న వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఉపగ్రహ చిత్రాలు చూసి శాస్త్రీయంగానే ఎంచామని ఒక పక్క అంటారు. మా బోర్లు పాడవుతాయని ఊరివాళ్లు అంటారు. మొదటి మాట నేల పైన కనిపించే దాని గురించి, రెండోది నేల కింద ఉన్న రాయి గురించి. అందుకే ఎంత వాదించినా అవి ఒకదానికొకటి జవాబు కావు. హెణ్ణూరు, కె.ఆర్.పురం, హొసకోటె వైపు ఇళ్లు కొనుక్కుని ఇప్పటికీ బోరునీటి మీద, ట్యాంకర్ల మీద బతుకుతున్న వేలాది తెలుగు కుటుంబాలకు ఈ తేడా తెలియడం అవసరం. ట్యాంకరు నీళ్లు కూడా చివరికి ఏదో ఒక బోరు నుంచి వచ్చేవే.

సంక్షిప్తంగా

పనికిరాని చోట్లను వేగంగా, చవకగా ఏరివేయడానికి ఉపగ్రహ చిత్రాలు బాగా పనికొస్తాయి. మిగిలిన చోటు మంచిదని చెప్పడం మాత్రం వాటి వల్ల కాదు. బెంగళూరు కింద ఉన్నది గట్టి నైస్ రాయి. దానిలో నీరు పగుళ్ల వెంటే కదులుతుంది. పాత రాతి క్వారీలు చెత్తకు అనువైన గోతుల్లా కనబడినా, ఆ పగుళ్లన్నీ అక్కడే తెరుచుకుని ఉంటాయి. పై నుంచి వచ్చే పటం, రాతి పరీక్ష, మొదటి లారీ రాకముందు చేసిన నీటి పరీక్ష, ఈ మూడూ ఉన్నప్పుడే ఒక స్థలం గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు.

మండూరు నుంచి క్వారీల దాకా

నగరంలో రోజుకు సుమారు 5 వేల టన్నుల చెత్త వస్తుందని అంచనా. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఎంత వాడుకున్నా చివరికి ఎక్కడో పాతిపెట్టక తప్పనిది కొంత మిగులుతుంది. యలహంక వాయుసేన స్థావరానికి దగ్గర్లోని మావళ్లిపురలో 2012లో చెత్త వేయడం ఆపేశారు. హొసకోటె దారిలోని మండూరు వాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2014 డిసెంబరులో అక్కడికి లారీలు ఆగాయి. ఆ తర్వాత భారం బెళ్లహళ్లి, మిట్టగానహళ్లి వంటి ఉత్తర బెంగళూరు పాత రాతి క్వారీల మీద పడింది.

నీటి దారిని బట్టి చూస్తే ఈ చోట్లన్నీ ఒకటి కావు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఒక వీపు లాంటి నేల మీద ఉంది. పడమటి వైపు పడిన వాన అర్కావతి మీదుగా కావేరికి, తూర్పు వైపు పడినది దక్షిణ పినాకినికి పోతుంది. మావళ్లిపుర అర్కావతి పరీవాహకంలో ఉంది, మండూరు పినాకిని వైపు. ఆ పినాకిని హొసకోటె దాటి, హోసూరు దగ్గర తెలుగు పేరున్న కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. చెత్త స్థలం ఏ వాలులో ఉందన్న ఒక్క ప్రశ్నతోనే దాని ప్రభావం ఏ ఊళ్ల వైపు పోతుందో సగం తెలుస్తుంది. ఈ సగాన్ని ఉపగ్రహం నుంచి వచ్చే ఎత్తుల పటం చక్కగా చూపిస్తుంది.

నిబంధనలు గీసే వలయాలు

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ల్యాండ్‌ఫిల్‌కు, అంటే చెత్తను పాతిపెట్టే చోటుకు, కనీస దూరాలు పెట్టాయి. నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, జాతీయ రహదారులకు, నివాసాలకు, పార్కులకు, తాగునీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయానికి లేదా వాయుసేన స్థావరానికి 20 కిలోమీటర్లు. ప్రత్యేక సందర్భంలో విమానయాన శాఖ లేదా వాయుసేన అభ్యంతరం లేదని రాసిస్తే 10, 20 కిలోమీటర్ల మధ్యన అనుమతించవచ్చు. చెత్త మీదకు వచ్చే గద్దలు, కాకులు విమానాలకు తగులుతాయన్నదే ఈ దూరానికి కారణం.

20 కిలోమీటర్ల వలయం విస్తీర్ణం సుమారు 1,257 చదరపు కిలోమీటర్లు. పాత బీబీఎంపీ, అంటే బెంగళూరు నగరపాలక సంస్థ, మొత్తం విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. అంటే ఒక్క వలయమే నగరం కంటే పెద్దది. దేవనహళ్లి విమానాశ్రయం, యలహంక స్థావరం, హెచ్‌ఏఎల్ విమానాశ్రయం చుట్టూ మూడు వలయాలు గీస్తే ఉత్తర, తూర్పు బెంగళూరులో నిబంధనను మినహాయింపు లేకుండా దాటగల క్వారీ దాదాపు మిగలదు. మినహాయింపు పత్రం మీద ఆధారపడిన స్థలమా కాదా అన్నది ఏ ప్రతిపాదనలోనైనా మొదట చూడాల్సిన విషయం.

వలయాలు గీయడం కంప్యూటరులో ఐదు నిమిషాల పని. అయితే వాటిని ఏ పటం మీద గీశారన్న దానిలో తప్పు దాగి ఉంటుంది. పటం మీద అర మిల్లీమీటరు మందమున్న గీత 1:50,000 స్కేలులో నేల మీద 25 మీటర్లు, 1:2,50,000 స్కేలులో 125 మీటర్లు. రెండో రకం పటం నుంచి తీసిన చెరువు గట్టు మీద 200 మీటర్ల వలయం గీస్తే ఆ వలయంలో సగానికి పైగా అనిశ్చితే. దానికి 10 మీటర్ల పిక్సెల్ (చిత్రంలో ఒక చుక్క నేల మీద పది మీటర్లు) ఉన్న ఉపగ్రహ చిత్రాన్ని జోడించినంత మాత్రాన పటం సూక్ష్మమైపోదు. కలిపిన పొరలన్నిటిలో అతి మోటుదాని కంటే ఫలితం మెరుగ్గా ఉండదు.

చెరువుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలపు చిత్రంలో బెంగళూరు చెరువులు చాలా వరకు ఎండిపోయి గడ్డి మైదానాల్లా, లేదా గుర్రపుడెక్క కప్పేసి పచ్చని పొలంలా కనిపిస్తాయి. నీటిని గుర్తించే సూచికతో ఒక్క ఏప్రిల్ చిత్రాన్నే లెక్కించినవారు సగం చెరువులను చెరువులు కావని తేల్చేస్తారు. భారత సర్వే శాఖ పాత టోపోషీట్లలోని, అంటే వివరమైన నేల పటాల్లోని, కట్టలు, తూములు, చెరువును చెరువుకు కలిపే కాలువలు గీసుకున్నాక, వాటి మీద అక్టోబరు, నవంబరు నెలల చిత్రాలు వేయాలి. బెంగళూరుకు సంబంధించినవి ముఖ్యంగా 57 జి/12, 57 హెచ్/9 షీట్లు. ఆ కాలువలు ఇప్పుడు రోడ్ల కింద కప్పబడిపోయినా వానాకాలంలో నీరు పాత దారినే వెతుక్కుంటుంది.

ఏ ఉపగ్రహం ఏం చూపిస్తుంది

ఐరోపా సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల పిక్సెల్‌తో ఉచితంగా దొరుకుతాయి. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి అదే చోటు మీదికి వస్తాయి. భూ వినియోగం, పచ్చదనం, నీరు తెలుసుకోవడానికి ఇవి చాలు. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 కెమెరా పిక్సెల్ 5.8 మీటర్లు. కార్టోశాట్-1 జంట చిత్రాలు 2.5 మీటర్ల వివరంతో నేల ఎత్తుపల్లాలను కూడా ఇస్తాయి. ఈ చిత్రాలను అందుకుని సిద్ధం చేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాదులో ఉంది. దాని భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఎత్తుల నమూనా సుమారు 30 మీటర్ల పిక్సెల్‌తో ఎవరికైనా దొరుకుతుంది. భూగర్భ సర్వే సంస్థ శిలా పటాలు భూకోశ్ పోర్టల్‌లో ఉన్నాయి. అంటే ఒక కాలనీ సంఘంలో ఈ పని తెలిసిన ఒకరిద్దరు కూర్చుంటే ప్రతిపాదనలోని పటాలను ఖర్చు లేకుండానే సరిచూడవచ్చు.

ఎత్తుల పటాలతో క్వారీ లోతు కొలవాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులకు ప్రమాణంగా ఒప్పుకున్న పొరపాటు 16 మీటర్ల దాకా, కార్టోశాట్ నమూనాకు 8 మీటర్ల దాకా. ఒకదాని నుంచి ఇంకోదాన్ని తీసేసి చూస్తే 40 మీటర్లు తవ్విన క్వారీ కనిపిస్తుంది. ఐదారు మీటర్లు పెరిగిన చెత్త గుట్ట మాత్రం నిజమో పొరపాటో తేలదు. ఘనపరిమాణం లెక్కకు డ్రోన్ సర్వేయే దారి. నేల మీద గుర్తులు పెట్టి వాటి స్థానాలు కచ్చితంగా కొలిచి చేస్తే పది సెంటీమీటర్ల లోపు తేడాతో ఎత్తు వస్తుంది.

లోతైన క్వారీల్లో నీడ కూడా మోసం చేస్తుంది. సెంటినెల్-2 ఉదయం పదిన్నర ప్రాంతంలో వస్తుంది. డిసెంబరులో ఆ వేళకు బెంగళూరులో 40 మీటర్ల గోడ నీడ దాదాపు 35 మీటర్లు, అంటే మూడు నాలుగు పిక్సెళ్లు. ఆ నలుపును కంప్యూటర్ నీరని గుర్తిస్తుంది. ఏప్రిల్ చిత్రంలో సూర్యుడు నెత్తికి దగ్గరగా ఉంటాడు, నీడ కుంచించుకుపోతుంది. అప్పుడు కూడా నల్లగానే ఉంటే అది నిజంగా నీరే. ఏప్రిల్ నాటికీ క్వారీ అడుగున నీరు ఉందంటే, క్వారీ భూగర్భ జలమట్టాన్ని తాకి ఉండవచ్చని మొదటి హెచ్చరిక.

పగుళ్ల గీతలు చదవడం

బెంగళూరు కింద ఉన్నది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ రాయి, అక్కడక్కడ గ్రానైట్, వాటిని కోసుకుంటూ నిలువు గోడల్లా పోయిన నల్లరాతి డోలరైట్ డైకులు. గట్టి నైస్‌లో నీరు నిలవడానికి ఖాళీలు లేవు. పైన ఎర్రమట్టి, దాని కింద మెత్తబడిన రాయి, గరుసు కలిపి చాలా చోట్ల 10 నుంచి 30 మీటర్లు. ఆ కింద గట్టిరాయి. బోరు వేసేవాళ్లు గట్టిరాయి తగిలేదాకా కేసింగ్ దించి, ఆ కింద పగులు దొరికేదాకా వెయ్యి అడుగులైనా పోవడానికి కారణం ఇదే. అక్కడ నీరు పగులు ఉన్నచోట ఉంటుంది, పది అడుగులు పక్కకు జరిగితే ఉండదు.

ఈ పగుళ్ల మండలాలు నేల మీద గీతల్లా బయటపడతాయి. తిన్నగా సాగిన వాగు, ఉన్నట్టుండి లంబకోణంలో తిరిగిన కాలువ, ఎండాకాలంలోనూ పచ్చగా ఉన్న చెట్ల వరుస వీటి ఆనవాళ్లు. వీటినే లీనియమెంట్లు అంటారు. ఎత్తుల పటానికి ఒకే దిక్కు నుంచి వెలుతురు వేస్తే ఆ దిక్కుకు సమాంతరంగా ఉన్న గీతలు మాయమవుతాయి. కనీసం నాలుగు దిక్కుల నుంచి వెలుతురు మార్చి చూడాలి. ఆకురాలి, మబ్బు లేని ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య చిత్రాలు ఇందుకు మేలు.

కంప్యూటర్ తనంతట తాను గీసే గీతల్లో రోడ్లు, రైలు కట్టలు, విద్యుత్ లైన్ల కింద నరికిన దారులు, లేఅవుట్ ప్రహరీలు కలిసిపోతాయి. నగరం అంచున ఈ తప్పు మరీ ఎక్కువ. ప్రతి గీతనూ పాత టోపోషీటుతో పోల్చి, మనిషి చేసిన వాటిని కొట్టేసి, మిగిలినవాటి దగ్గరకు వెళ్లి రాతి అంచుల్లో పగుళ్ల దిక్కు కొలవాలి. పటంలోని గీతల దిక్కులు, క్వారీ గోడ మీద కొలిచిన పగుళ్ల దిక్కులు కలిస్తేనే ఆ గీతలను నమ్మాలి. కలవకపోతే పటం మళ్లీ గీయాల్సిందే.

డోలరైట్ డైకు విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. డైకు లోపలి రాయి బిగుతుగా ఉండి నీటికి అడ్డుకట్టలా పనిచేయవచ్చు. దాని అంచు, అంటే నైస్‌తో కలిసే చోటు, తరచుగా నలిగిపోయి ఉంటుంది. అప్పుడు లీచేట్, అంటే చెత్త ఊరి కారే నల్లనీరు, డైకును దాటకుండా దాని పక్కనే కిలోమీటర్ల దూరం పరుగెత్తగలదు. డైకు ఏ పక్కన బోర్లు బాగా పడతాయో ఆ ఊరి రైతులను అడిగితే చెబుతారు. ఆ సమాచారం ఏ ఉపగ్రహమూ ఇవ్వదు. దాన్ని పటంలోకి ఎక్కించే అలవాటు మన నివేదికలకు రావాలి.

క్వారీ ఎందుకు కష్టం

గుట్టగా పోసిన చెత్త మీద పడిన వానలో కొంత వాలు వెంట జారిపోతుంది. గోతిలో పడిన వానకు బయటికి దారి లేదు. ఆవిరైనది పోగా మిగిలినదంతా చెత్తలోకి దిగుతుంది. బెంగళూరు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు. పది ఎకరాల క్వారీ నోట్లో పడే వాన దాదాపు 3.9 కోట్ల లీటర్లు. సగం ఆవిరైపోయిందనుకున్నా మిగిలేది 12 వేల లీటర్ల ట్యాంకర్లతో 1,600 ట్యాంకర్లకు పైమాటే. రోజుకు నాలుగైదు ట్యాంకర్ల లీచేట్‌ను ఏడాది పొడవునా తోడి, శుద్ధి చేస్తూనే ఉండాలన్నమాట. చుట్టూ మళ్లింపు కాలువ లేక పక్క నేల వాలు కూడా క్వారీలోకే ఉంటే ఈ లెక్క రెండింతలు, మూడింతలు అవుతుంది.

అడుగు పొర గురించిన లెక్క ఇంకా ముఖ్యం. 2016 నిబంధనల ప్రకారం అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు ఉండాలి. ఆ మట్టిలో నీరు ఇంకే వేగం సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించకూడదు. అంటే పైన నీరు నిలవకుండా తన బరువుతోనే దిగితే ఏడాదికి సుమారు మూడు సెంటీమీటర్లు. పైన నిలిచిన లీచేట్ లోతు 30 సెంటీమీటర్లే ఉండి, షీటు పూర్తిగా చిరిగిందనుకుంటే హెక్టారుకు ఏడాదికి సుమారు 4.2 లక్షల లీటర్లు దిగుతాయి. పంపులు ఆగి, అదే లోతు మూడు మీటర్లకు పెరిగితే దాదాపు 13.6 లక్షల లీటర్లు. షీటు చిరగకుండా చూడటం ఎంత అవసరమో, పంపు ఆగకుండా చూడటం కూడా అంతే అవసరం. కరెంటు బిల్లు కట్టక పంపు ఆగిన ల్యాండ్‌ఫిల్‌కూ అడుగు లేని ల్యాండ్‌ఫిల్‌కూ మధ్య దూరం తక్కువ.

పైగా ఈ లెక్క సమతలమైన అడుగుకు వర్తించేది. క్వారీ గోడలు నిట్టనిలువుగా ఉంటాయి. నిలువు రాతి మీద 90 సెంటీమీటర్ల బంకమట్టి నిలవదు. షీటును పై నుంచి వేలాడదీస్తే చెత్త కుంగుతున్న కొద్దీ కిందికి లాగుతుంది, రాతి మొనల మీద చిరుగుతుంది. గోడలను మెట్లుగా చెక్కి, మొనలు కొట్టి, మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ వేసి ఆ మీద షీటు పరిస్తే కొంతవరకు నయం. అలా చెక్కితే ఖర్చు పెరుగుతుంది, పట్టే చెత్త తగ్గుతుంది. ప్రతిపాదనలో గోడల కోత పటం లేకపోతే గోడల సంగతి ఆలోచించలేదనే అర్థం.

ఆ గోడలు కూడా సహజమైన రాయి కావు. ఏళ్ల తరబడి మందుగుండుతో పేల్చిన రాయి. పేలుడు కొత్త పగుళ్లు తెస్తుంది, పాతవాటిని వెడల్పు చేస్తుంది. పగులులో ప్రవాహం దాని వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పదో వంతు మిల్లీమీటరు పగులు ఒక మిల్లీమీటరు అయితే నీరు పది రెట్లు కాదు, వెయ్యి రెట్లు పోతుంది. మొత్తం గోడ బిగుతుగా ఉండి ఒక్క పగులు తెరుచుకుని ఉన్నా చాలు. గ్రానైట్ ఉన్నచోట నేలకు సమాంతరంగా పొరలుగా విడిపోయే పగుళ్లు కూడా ఉంటాయి. వాటి వెంట నీరు అడ్డంగా, బోర్లు ఎక్కువగా ఉన్న లోతుల్లోనే పోతుంది.

నిబంధనల్లో ఇంకో మాట ఉంది: అడుగు మట్టి పొరకు కనీసం రెండు మీటర్ల కిందే అత్యధిక జలమట్టం ఉండాలి. ఇక్కడ అత్యధికం అంటే నవంబరు మట్టం. మే నెలలో కొలిచి రాసిన నివేదిక ఈ ఒక్క కారణంగా తిరగ్గొట్టదగ్గది. క్వారీ పనిచేసినన్నాళ్లు నీటిని తోడిపోయడం వల్ల చుట్టూ మట్టం పడిపోయి ఉంటుంది. తోడటం ఆపాక రెండు మూడు వానాకాలాల్లో అది తిరిగి లేస్తుంది. అప్పటికి చెత్త లోపల ఉంటుంది.

ఇంతా చేస్తే దక్కేది ఎంతకాలం? పది ఎకరాలు, 30 మీటర్ల లోతు ఉన్న క్వారీలో పట్టేది సుమారు 12 లక్షల ఘనమీటర్లు. రోజుకు వెయ్యి టన్నులు, ఘనమీటరుకు 0.85 టన్నుల సాంద్రతతో నింపితే మూడేళ్లలోపే నిండిపోతుంది. మధ్యమధ్య మట్టి కప్పితే ఇంకా ముందే. నిబంధనలు ఆశించే ఆయుష్షు 20 నుంచి 25 ఏళ్లు. మూడేళ్ల అవసరం కోసం దశాబ్దాల పాటు కాపలా కాయాల్సిన గొయ్యి మిగులుతుంది.

మార్కుల పద్ధతిలో దాగే తప్పు

జీఐఎస్, అంటే కంప్యూటరులో పటాలను పొరలుగా కలిపే పద్ధతి, వాడిన నివేదికల్లో సాధారణంగా పొరలకు తూకం వేస్తారు. రెండేసి అంశాలను పోల్చి 1 నుంచి 9 వరకు ప్రాధాన్యం ఇచ్చి, పోలికల్లో పొంతన ఉందో లేదో ఒక నిష్పత్తితో చూస్తారు. అది 0.10 లోపు ఉంటే సరే అంటారు. ఈ నిష్పత్తి చెప్పేది, తూకం వేసినవారు తమ మాటను తామే ఖండించుకోలేదని మాత్రమే. వాళ్ల మాట నిజమని కాదు.

ఒక ఉదాహరణ. వాలు, నేల, భూ వినియోగం, నీటి వనరులు, రోడ్డు, లీనియమెంటు అని ఆరు పొరలు. లీనియమెంటుకు 20 శాతం తూకం. ఒక స్థలం సరిగ్గా పగుళ్ల మండలం మీదే ఉండి ఆ పొరలో 5కి 1 మార్కు తెచ్చుకుని, మిగిలినవాటిలో 5కి 5 తెచ్చుకుంటే మొత్తం 4.2. అంటే 84 శాతం, పటంలో ముదురాకుపచ్చ, అత్యంత అనుకూలం. పగులు మీద ఉండటం అనే లోపాన్ని మంచి రోడ్డు పూడ్చలేదు. చేయకూడని చోట్లను ముందే పటం నుంచి తీసేసి, మిగిలిన వాటికే మార్కులు వేయడం సరైన వరస. తూకాలను పది శాతం అటూ ఇటూ మార్చినప్పుడు మొదటి స్థానంలోని చోటు మారిపోతే ఆ ర్యాంకును పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

నేల మీద చేయాల్సినవి

పటం మీద రెండు మూడు చోట్లు మిగిలాక అసలు పరీక్ష మొదలవుతుంది. ముందు విద్యుత్ నిరోధక సర్వే. 48 ఎలక్ట్రోడ్లను ఐదు మీటర్ల ఎడంతో పాతితే 235 మీటర్ల గీత వస్తుంది. దానితో సుమారు 40 మీటర్ల లోతు వరకు అడ్డకోత చిత్రం కనిపిస్తుంది. గట్టి నైస్ వందలు, వేల ఓమ్-మీటర్ల నిరోధకత చూపిస్తుంది, తడిసిన గరుసు పదుల్లో. లీచేట్ చేరినచోట పదిలోపుకు పడిపోవచ్చు. బంకమట్టి కూడా తక్కువే చూపిస్తుంది కాబట్టి, ఒక్క బోరైనా వేసి మట్టి తీసి చూడకుండా ఆ చిత్రాన్ని చదవకూడదు. క్వారీ అంచుకు ఆనుకుని గీత వేస్తే ఖాళీ గోడ వల్ల కొలతలు వంకరపోతాయి.

తర్వాత రాతి కడ్డీలు తీసే డ్రిల్లింగ్. బయటికి వచ్చిన కడ్డీల్లో పగుళ్లను లోతువారీగా లెక్కించి, బోరులో మూడు నుంచి ఐదు మీటర్ల ముక్కను రెండు పక్కలా బిగించి ఒత్తిడితో నీరు ఎక్కిస్తారు. దీన్ని ప్యాకర్ పరీక్ష అంటారు. పది బార్ల ఒత్తిడికి మీటరుకు నిమిషానికి ఒక లీటరు నీరు పోతే అది ఒక లుజాన్. ఆనకట్ట కట్టేవారికి ఒక లుజాన్ రాయి చాలా బిగుతైనది. లెక్క వేస్తే అది ల్యాండ్‌ఫిల్ బంకమట్టి కంటే సుమారు 130 రెట్లు ఎక్కువగా నీటిని వదిలే రాయి. రాయి గట్టిగా ఉంది కాబట్టి వేరే పొర అక్కరలేదన్న వాదన ఇక్కడ కూలిపోతుంది.

చుట్టూ కిలోమీటరులో ఉన్న బోర్లన్నీ లెక్కించడం మూడో పని. ఎండిపోయి వదిలేసినవి మరీ ముఖ్యం. పైన మూత లేని, కేసింగ్ చుట్టూ సిమెంటు పోయని పాత బోరు పై పొరలోని మురికిని తిన్నగా లోతు పగుళ్లలోకి దించే గొట్టం. ఉపగ్రహ చిత్రంలో అది కనిపించదు. ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే. దొరికినవాటిని అడుగు నుంచి పై వరకు సిమెంటు, బెంటోనైట్ బంకమట్టి కలిపి పూడ్చాలి.

పరిశీలక బావులు ఎగువన కనీసం ఒకటి, దిగువన మూడు ఉండటం వాడుక. పగుళ్ల రాతిలో ఈ సంఖ్య కంటే చోటు ముఖ్యం. పగులు తప్పిన బావి పదేళ్లయినా శుభ్రమైన నీరే చూపిస్తుంది. పక్కనున్న రైతు బోరులో మాత్రం నురగ వస్తూ ఉంటుంది. అందుకే బావులను లీనియమెంటు పటం, నిరోధక చిత్రం రెండూ చూసి పగులు మీదే వేయాలి.

చెన్నైతో పోలిస్తే

చెన్నైలో కథ వేరు. పెరుంగుడి డంపింగ్ యార్డు పళ్లికరణై చిత్తడి నేలలో పెరిగింది. ఆ చిత్తడి నేలకే 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. అక్కడ రాతి పగుళ్ల సమస్య లేదు. బంకమట్టి, ఇసుక పొరలు, నేలకు చాలా దగ్గరగా జలమట్టం. రెండు మీటర్ల నిబంధన అక్కడ మొదటి రోజే విఫలమవుతుంది. బంకమట్టి ఉన్నచోట లీచేట్ కిందికి మెల్లగా దిగుతుంది, వరద వచ్చినప్పుడు మాత్రం పైపైనే నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. ఉత్తర చెన్నైలోని కొడుంగైయూరుదీ పల్లపు నేలే.

అందువల్ల చెన్నైలో ఉపగ్రహం ఎక్కువ చెప్పగలదు. మబ్బుల్లోంచి కూడా చూడగల సెంటినెల్-1 రాడార్‌తో వరద నీరు యార్డు నుంచి ఎటు పోయిందో గీయవచ్చు. చిత్తడి నేల విస్తీర్ణం ఏ ఏడాది ఎంత తగ్గిందో పాత ల్యాండ్‌శాట్ చిత్రాల్లో చూడవచ్చు. ఇసుకలో మురికి వ్యాపించే తీరును నమూనాతో అంచనా వేయడమూ సులువే, ఎందుకంటే అక్కడ నీరు అన్ని రంధ్రాల్లోంచీ మెల్లగా పోతుంది. బెంగళూరులో అది నాలుగైదు గీతల వెంట పోతుంది. ఒకే పద్ధతిని రెండు నగరాలకూ నకలు చేసిన నివేదికల్లో ఈ తేడా కనిపించదు.

నిండిన చోట్ల మీద కన్ను

మూసేసిన గుట్టలనూ పై నుంచి చూస్తూ ఉండవచ్చు. ల్యాండ్‌శాట్ ఉష్ణ కెమెరా అసలు పిక్సెల్ 100 మీటర్లు కాబట్టి చిన్న మంటలు దానికి అందవు. విస్తారంగా లోపల కాలుతున్న గుట్ట చుట్టుపక్కల కంటే వేడిగా కనిపిస్తుంది. సెంటినెల్-2లోని పొట్టి తరంగాల పరారుణ పట్టీలు 20 మీటర్ల వివరంతో పైకి వచ్చిన మంటను పట్టుకుంటాయి. కప్పిన మట్టి మీద గడ్డి వట్టి వలయాలుగా చచ్చిపోతుంటే, కింద నుంచి మీథేన్ వస్తోందేమో వెళ్లి కొలవాలి.

కుంగుబాటుకు రాడార్ పనికొస్తుంది, కానీ రోజూ చెత్త పడే చోట ఉపరితలం మారిపోతూ ఉంటుంది కాబట్టి రెండు చిత్రాల మధ్య పొంతన దొరకదు. మూసి, మట్టి కప్పిన చోటే ఆ పద్ధతి సాగుతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ రాడార్ ఉపగ్రహం ఎల్, ఎస్ అనే రెండు తరంగ పట్టీల్లో 12 రోజులకోసారి అదే చోటును చూస్తుంది. ఎల్ పట్టీ పొడవైన తరంగం గడ్డి, పొదల్లోంచి నేలను మెరుగ్గా అందుకోగలదు. మావళ్లిపుర, మండూరు వంటి పాత గుట్టల్లో కప్పు ఎక్కడ కుంగి నీరు నిలుస్తోందో ఇకపై క్రమం తప్పకుండా గమనించే వీలుంది. కుంగిన చోట నిలిచిన నీరే వచ్చే ఏడాది లీచేట్.

మొదటి లారీ రాకముందు

ఎంత పరీక్షించినా తర్వాత తగాదా వస్తే తేల్చేది ఒక్కటే, ముందటి నీరు ఎలా ఉండేదన్న లెక్క. బెంగళూరు అంచున ఇప్పటికే మురుగునీటి వల్ల బోర్లలో నైట్రేటు, క్లోరైడు ఎక్కువ. తాగునీటికి జాతీయ ప్రమాణం నైట్రేటుకు లీటరుకు 45 మిల్లీగ్రాములు, క్లోరైడుకు 250. చెత్త పడ్డాక క్లోరైడు 400 వచ్చిందని ఊరు చూపిస్తే, అది మురుగు వల్లేనని నిర్వాహకుడు అంటాడు. ఏది నిజమో చెప్పడానికి ముందు లెక్క కావాలి.

అందుకోసం చుట్టుపక్కల పది పన్నెండు బోర్లను ఎంచి, మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి నీరు తీయాలి. తీసే ముందు పది పదిహేను నిమిషాలు మోటారు నడిపి పైపులో నిలిచిన నీటిని వదిలేయాలి. విద్యుత్ వాహకత, పీహెచ్ అక్కడికక్కడే కొలవాలి. క్లోరైడు, అమ్మోనియా, నైట్రేటు, సీవోడీ (నీటిలోని సేంద్రియ మురికి కొలత), భార లోహాలకు ప్రయోగశాలకు పంపాలి. లోహాల సీసాలో ఆమ్లం కలపాలి, అమ్మోనియా సీసాను ఐసులో పెట్టాలి. క్లోరైడు మట్టికి అంటుకోకుండా నీటితోపాటే ప్రయాణిస్తుంది కాబట్టి అందరికంటే ముందు వచ్చే గుర్తు అదే. బోరు లోతు, కేసింగ్ లోతు, ఏ లోతున నీరు తగిలింది అన్నవి పక్కన రాయాలి. ఆ ఫలితాల నకలు పంచాయతీ దగ్గర, బోరు యజమాని దగ్గర, కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఒకే తేదీతో ఉండాలి. ఒక వానాకాలం ఆగితేనే రెండు నమూనాలూ పూర్తవుతాయి. స్థలం మీద తొందరపడే ప్రతి నిర్ణయంలోనూ మొదట వదిలేసేది ఆ ఒక్క వానాకాలాన్నే.